లంచగొండికి బొజ్జ పెట్టకు

తమ్ముడూ,

నీ కథ చదివాను, తర్వాత పెన్సిల్ పట్టుకుని తీరిగ్గా మళ్లీ చదివాను. "నిర్మొహమాటంగా చెప్పండి మాస్టారూ, నేనేం ఫీలవను" అని రాశావు. ఫీలవుతావు, నాకు తెలుసు, అయినా చెబుతున్నా. నీ తహసీల్దారు నాకు అస్సలు నచ్చలేదు. చేతికి అయిదు ఉంగరాలు, మెడలో పులిగోరు, చొక్కా గుండీలు ఆగని బొజ్జ, పేరేమో ధనేశ్వరరావు. మొదటి పేరాలోనే వీడు తినేస్తాడని పాఠకుడికి తెలిసిపోయింది. తర్వాత పేజీల కొద్దీ వాడు తింటూనే ఉన్నాడు, ఆఖర్న ఏసీబీ వాళ్లు వచ్చి సోడియం కార్బొనేట్ నీళ్లలో చేతులు ముంచమన్నారు, నోట్లకు పూసిన ఫినాఫ్తలీన్ పొడి పుణ్యమా అని నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి, కథ అయిపోయింది. ఆ వివరం బాగా కనుక్కుని రాశావు, ఆ శ్రద్ధకు మార్కులు వేస్తా. కానీ చదివినవాడు ఏం చేస్తాడు చెప్పు? "బాగా అయింది వెధవకి" అనుకుని పేజీ తిప్పేసి, మర్నాడు తన ఫైలు కదలాలంటే ఏ సెక్షన్లో ఎవరిని కలవాలో కనుక్కోవడానికి బయల్దేరతాడు. నీ కథ అతనికి ఎక్కడా తగల్లేదు.

అదే కథలో ఇంకో మనిషి ఉన్నాడు, నువ్వు నాలుగు లైన్లలో వదిలేశావు. అటెండరు. మ్యుటేషన్ కోసం, అంటే భూమి రికార్డులో పేరు మార్పు కోసం వచ్చిన రైతు దగ్గర యాభై తీసుకుని "ఇది లంచం కాదు పెద్దాయనా, లంచం లోపల ఇవ్వాలి, ఇది టీకి" అంటాడు చూడు, అక్కడ నేను గట్టిగా నవ్వాను. ఇంట్లోవాళ్లు ఏమిటని అడిగితే చదివి వినిపించాను, వాళ్లూ నవ్వారు. ఎందుకు నవ్వొచ్చిందో ఆలోచించావా? వాడు అబద్ధం చెప్పడం లేదు. వాడి లెక్కలో అది నిజంగానే లంచం కాదు. ఏది లంచమో ఏది కాదో వాడి మనసులో ఒక గీత ఉంది, ఆ గీత సరిగ్గా వాడి జేబుకి ఒక అడుగు అవతల పడింది. నాకూ నీకూ కూడా అక్కడే పడుతుంది, మన జేబుకి ఒక అడుగు అవతల. వ్యంగ్యం రాయాలనుకునేవాడు కన్ను వెయ్యాల్సింది ఆ గీత మీద.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతావన్నీ దీనికి ఉదాహరణలు అనుకో. దురాశ ఎవడి గుమ్మంలోకీ దురాశలా రాదు. పిల్లల చదువులా వస్తుంది, ముందుచూపులా వస్తుంది, మనం కాకపోతే ఇంకొకడు తింటాడు కదా అనే లోకజ్ఞానంలా వస్తుంది, ఒక్కోసారి జాలిలా కూడా వస్తుంది. మనిషి తనకు తాను ఏం చెప్పుకుని చెయ్యి చాపాడో ఆ మాటలు నీకు దొరికితే కథ దొరికినట్టే. దొరక్కపోతే ఉంగరాలూ బొజ్జలే గతి.

మార్క్ ట్వేన్ కథ ఒకటి ఉంది, 'ద మ్యాన్ దట్ కరప్టెడ్ హాడ్లీబర్గ్', 1899లో వచ్చింది. ఇప్పటిదాకా చదవకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అది చదువు, నేనేం అనుకోను. సరే, పక్కన పెట్టవు, కాబట్టి చెబుతా. హాడ్లీబర్గ్ అనే ఊరికి మూడు తరాలుగా నిజాయితీలో పెట్టింది పేరు. పిల్లలకు ఉగ్గుపాలతోనే నిజాయితీ పోస్తారు, ప్రలోభం అన్నది వాళ్ల కంట పడకుండా పెంచుతారు. ఆ ఊరు ఎప్పుడో ఒక దారిన పోయేవాణ్ణి నొప్పించింది. వాడు పగబట్టి ఊరిని తగలబెట్టలేదు, ఎవరినీ చంపలేదు. ఒక రాత్రి బ్యాంకు క్యాషియర్ రిచర్డ్స్ ఇంట్లో ఒక మూట పెట్టి పోయాడు. లోపల 160 పౌండ్ల పైచిలుకు బంగారం, విలువ 40 వేల డాలర్లు అని చీటీ. నేను జూదంలో సర్వం పోగొట్టుకుని ఈ ఊరొచ్చినప్పుడు ఒకాయన 20 డాలర్లిచ్చి ఒక మాట చెప్పాడు, ఆ మాటతో బాగుపడ్డాను, ఆ మాటేమిటో చెప్పగలిగినవాడిదే ఈ బంగారం, అసలు మాట మూటలోనే సీలు వేసిన కవరులో ఉంది, ఊరి సభలో విప్పండి, అని దాని సారాంశం.

రిచర్డ్స్ మంచివాడు. వెంటనే పత్రికాయన కాక్స్ దగ్గరికి పరిగెత్తి ప్రకటన ఇచ్చేసి ఇంటికొచ్చాడు. వచ్చాక మొగుడూ పెళ్లాం కూర్చుని మాట్లాడుకుంటారు. ఈ ఊళ్లో పరాయివాడికి 20 డాలర్లు ఇచ్చే మనిషి ఎవరబ్బా? గుడ్సన్ ఒక్కడే, వాడేమో చచ్చిపోయాడు. అంటే... ఆ 'అంటే' తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడరు. ఇద్దరి మనసులోనూ ఒకటే, కానీ పైకి అనరు. కాసేపటికి రిచర్డ్స్ ఏమీ చెప్పకుండా లేచి బయటికి వెళ్తాడు. అక్కడ కాక్స్ ఇంట్లోనూ ఇదే జరిగింది. పేపర్ల బట్వాడా ఆపుదామని ఇద్దరూ చెరో వైపు నుంచీ ప్రెస్సుకు పరిగెత్తుకొచ్చి మెట్ల దగ్గర ఎదురుపడతారు, మన ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియదు కదా అని గుసగుసలాడుకుంటారు. ఆ రోజే రైళ్ల వేళలు మారాయి, కుర్రాడు టపా ముందుగానే పంపేశాడు. చూశావా, ఆ రాత్రికి వాళ్లను నిజాయితీపరులుగా మిగిల్చింది రైల్వే టైంటేబులు. ఈ ఒక్క మెలికలో ఎంత వెటకారం ఉందో నువ్వు నాలుగు పేజీల తిట్లు రాసినా రాదు.

అసలు మజా తర్వాత ఉంది. ఊళ్లో 19 మంది పెద్దమనుషులున్నారు. ప్రతి ఒక్కరికీ, పక్కవాడికి తెలియకుండా, ఒక్క పేరు తప్ప అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉత్తరం వస్తుంది. ఆ మాట చెప్పింది గుడ్సనే, ఆయన మీ గురించి చెప్పారు, మీరు ఒకప్పుడు ఆయనకు చాలా పెద్ద ఉపకారం చేశారట, దాని విలువ మీకు తెలిసి ఉండకపోవచ్చు, కాబట్టి న్యాయంగా ఆయన వారసులు మీరే, ఇదిగో ఆ మాట. ఇప్పుడు రిచర్డ్స్ రాత్రంతా పక్క మీద దొర్లుతూ గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నిస్తాడు, నేను గుడ్సన్‌కు ఏం ఉపకారం చేశాను? తప్పకుండా చేసే ఉంటాను, లేకపోతే ఉత్తరంలో అలా ఎందుకు రాస్తారు? ఒకదాని తర్వాత ఒకటి ఊహించుకుంటూ పోతాడు. ఏట్లో మునిగిపోతుంటే కాపాడానేమో అనుకుంటాడు. ఆ సీను కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది, ఒడ్డున జనం, చప్పట్లు, అంతా బాగానే ఉంది, తీరా చూస్తే తనకు ఈత రాదు.

ఈత రాదని గుర్తొచ్చాక ఆగాడా? ఆగలేదు. ఇంకో ఉపకారం వెతుక్కున్నాడు, చివరికి ఒకటి దొరికింది, దాన్ని నమ్మేశాడు. నేను వ్యంగ్యం నేర్చుకునేవాళ్లందరికీ ఈ చోటే చూపిస్తాను. ఇక్కడ ట్వేన్ ఆ ముసలాయన్ని ఒక్క మాట కూడా అనడు. వెక్కిరించడు. ఆయన పక్కనే పడుకుని, ఆయనతో పాటు నిజాయితీగా వెతుకుతాడు. మనమూ వెతుకుతాం. ఆయనకి ఏదో ఒకటి దొరికితే బాగుండునని మనకే అనిపిస్తుంది, అలా అనిపించిన క్షణంలో మనం కూడా ఆ ఊరివాళ్లమైపోయాం. నీ ధనేశ్వరరావు విషయంలో నాకు ఒక్కసారి కూడా అలా అనిపించలేదు.

ఇంకో చిన్న ముక్క చెప్పి ట్వేన్‌ని వదిలేస్తా. ఆ ఊళ్లో ఇళ్ల ప్లాన్లు గీసే ఒకాయన ఉంటాడు, కొత్తగా వచ్చి బోర్డు పెట్టాడు, ఒక్క గిరాకీ కూడా తగల్లేదు. మూట ఇంకా విప్పనే లేదు, ఆ పెద్దమనుషుల భార్యలు ఒక్కొక్కరే చాటుగా వచ్చి ఆయన చెవిలో వేస్తారు, వచ్చే వారం తర్వాత ఓసారి రండి, ఇల్లు కట్టాలనుకుంటున్నాం, ప్రస్తుతానికి ఎవరికీ చెప్పకండి అని. ఒక్కరోజులో అలాంటి పిలుపులు 11 వస్తాయి. ఆయన ఆ రాత్రే కూతురికి ఉత్తరం రాసి, ఆ అమ్మాయి పెళ్లాడాలనుకున్న చదువుకునే కుర్రాడి సంబంధం తెంపేయిస్తాడు, ఇంకా చాలా పై సంబంధం తేవచ్చు కదా ఇప్పుడు! గమనించు, ఈయనకి ఉత్తరం రాలేదు, మూటతో ఏ సంబంధమూ లేదు, అందులో ఉన్నది బంగారు పూత పూసిన సీసం ముక్కలు. లేని బంగారం మీద వచ్చే లేని ఇళ్ల మీద వచ్చే లేని ఫీజుని చూసుకుని ఒక పిల్ల పెళ్లి చెడింది. దురాశ ఊరిని ఎలా పాడుచేస్తుందో చెప్పాలంటే మూట ముట్టుకున్నవాడి కంటే మూట వార్త విన్నవాణ్ణి చూపించడం మేలు. మన దగ్గర ఎక్కడో రింగురోడ్డు వస్తుందట అన్న మాటకి, రోడ్డు రాకముందే, ఎన్ని ఇళ్లలో అన్నదమ్ములు మాటలు మానేశారో నీకు నేను చెప్పక్కర్లేదు.

అన్నట్టు, ఈ కథ రాసినాయన మడికట్టుకుని ఒడ్డున కూర్చుని రాయలేదు. అక్షరాలు కూర్చే పెయిజ్ యంత్రం ఒకటి తనను మహా ధనవంతుణ్ణి చేస్తుందని ఏళ్ల తరబడి లెక్కలు కట్టుకుంటూ అందులో డబ్బు పోశాడు, అది మునిగింది, ప్రచురణ సంస్థ మునిగింది, 1894లో దివాలా తీశాడు. అప్పులు తీర్చడానికి ముసలితనంలో ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు, 1896లో మన దేశమూ వచ్చాడు. రిచర్డ్స్ దంపతులు రాత్రిపూట వేసే లెక్కలు ఆయన వేసిన లెక్కలే అయ్యుంటాయని నా అనుమానం. నిన్ను దివాలా తియ్యమనడం లేదు. నీకు దేని మీద ఆశ ఉందో దాని గురించి రాస్తే చెయ్యి తిరుగుతుంది అంటున్నా.

ఇక మనింటికి వద్దాం. నువ్వు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. 'కన్యాశుల్కం' నాటకంలో గురజాడ లుబ్ధావధాన్లని పేరు పెట్టలేదా, నేను ధనేశ్వరరావని పెడితే తప్పా అని. పెట్టాడు. పెట్టి ఏం చేశాడో చూడు. లోభి అని పేరు తగిలించుకున్న ఆ ముసలాయన నాటకంలో అందరి చేతా మోసపోతాడు, ఆడవేషం కట్టిన మగపిల్లాణ్ణి డబ్బు పోసి పెళ్లాడతాడు, చివరికి ఆయన్ని చూస్తే జాలేస్తుంది. పేరు లేని లోభం మిగతావాళ్ల దగ్గరుంది. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే విధవై ఇంట్లో కూర్చుని ఉండగా, చిన్నకూతుర్ని పద్దెనిమిది వందలకు ఈ లుబ్ధావధాన్లకే కుదిర్చిన అగ్నిహోత్రావధాన్లు తను పాపం చేస్తున్నాననుకుంటాడా? ఇల్లు నడపడమే అనుకుంటాడు, అడ్డొచ్చిన పెళ్లాం మీద అరుస్తాడు. గిరీశం అయితే ఇంకా ఘనుడు, వితంతు వివాహం గురించి ఆయన ఉపన్యాసం దంచుతుంటే అందులో ఒక్క మాట తప్పు పట్టలేం, కానీ బుచ్చమ్మకి మొగుడి తరఫున రావలసిన ఆస్తి మీద ఒక కన్ను ఎప్పుడూ ఉంటుంది. సంస్కరణకు కూడా లాభం వాసన తగిలించగలిగాడు గురజాడ, అదీ తను ఆ సంస్కరణని మనస్ఫూర్తిగా కోరుకుంటూనే. డబ్బు కోసమే నా వృత్తి అని బాహాటంగా బతికే మధురవాణి మాత్రం, ఆ ఒప్పందాల లోకంలో మాట మీద నిలబడిన మనిషి. ఆ అమరిక చూసి నేర్చుకో. డబ్బు మాట పైకి ఎత్తేవాళ్లు ఒక పక్క, ఎత్తనివాళ్లు ఒక పక్క, ఎవరు ఎక్కువ ప్రమాదమో ప్రేక్షకుడే తేల్చుకోవాలి.

1897 అచ్చుకు గురజాడ రాసిన ఇంగ్లీషు ముందుమాట కూడా చదువు. విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్లిళ్ల పట్టిక తయారు చేయించారట, మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో లెక్కకొచ్చినవి 1034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్ల! ఇంత ఘోరమైన లెక్క చేతిలో పెట్టుకుని కూడా ఆయన నాటకంలో ఏ పాత్ర చేతా దాన్ని వల్లె వేయించలేదు. అంకెలు ముందుమాటలో ఉండిపోయాయి, నాటకంలోకి బేరాలు వచ్చాయి. నువ్వు నీ కథలో మూడో పేజీలో అవినీతి గురించి ఒక పాత్ర చేత ఉపన్యాసం ఇప్పించావే, అది తీసి నీ ముందుమాటలో పెట్టుకో, పుస్తకం వేసినప్పుడు.

శుల్కం పోయి కట్నం వచ్చింది, బేరం భాష మాత్రం ఇంకా నున్నగా తయారైంది. ఇవాళ పెళ్లిచూపుల్లో ఎవరైనా ఇంత కావాలని అడుగుతున్నారా? "మాకేమీ అక్కర్లేదండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంటారు. తర్వాత కాఫీ ఒక గుక్క తాగి, "మా పెద్దకోడలి పేర వాళ్ల నాన్నగారు కొంపల్లిలో ఫ్లాటు రాశారు, మేం వద్దన్నా వినలేదు" అంటారు. ఈ రెండు వాక్యాల మధ్య ఆ కాఫీ గుక్క ఎంతసేపు ఉండాలో తెలిసినవాడు వ్యంగ్య రచయిత. నువ్వు ఆ గుక్కలో దూరి "అని వాళ్లు ఎంత దురాశాపరులో చాటుకున్నారు" అని రాస్తే చంపేస్తా.

రష్యన్ రచయిత గోగోల్ నవల 'మృతజీవులు' 1842 నాటిది. అందులో కొరోబొచ్కా అనే జమిందారిణి దగ్గరికి చిచికోవ్ అనే ఒకాయన వచ్చి, చచ్చిపోయిన బానిస రైతులను అమ్మమంటాడు. జనాభా లెక్కల్లో వాళ్లింకా బతికే ఉన్నారు, తర్వాతి లెక్కలు వచ్చేదాకా వాళ్ల తలపన్ను ఈవిడే కట్టాలి, కాబట్టి వదిలించుకుంటే లాభమే. ఆవిడకి చచ్చినవాళ్లను అమ్మడమేమిటన్న అభ్యంతరం కాసేపే. అసలు దిగులు వేరే. మార్కెట్ రేటు తెలియకుండా తక్కువకి ఇచ్చేస్తున్నానేమో! చివరికి 18 మందిని 15 రూబుళ్లకు ఇచ్చి, తర్వాత నిద్రపట్టక, చచ్చినవాళ్ల ధర ఎంత పలుకుతోందో కనుక్కుందామని బండి కట్టించుకుని పట్నం పోతుంది. ఇంకొకాయన సొబకేవిచ్, ఒక్కో శవానికి వంద రూబుళ్లు చెబుతాడు, మా వడ్రంగి ఎంత పనిమంతుడో, చెప్పులు కుట్టేవాడి చెయ్యి ఎంత మంచిదో అని పోయినవాళ్ల గొప్పలు వర్ణించి, రెండున్నర రూబుళ్ల దగ్గర తెగ్గొడతాడు. మొత్తాలు చూడు ఎంత చిన్నవో. మనవాళ్లు వ్యంగ్యం అనగానే కోట్లలో మొదలెడతారు. వేల కోట్ల కుంభకోణం చదివితే ఎవడికీ ఏమీ అనిపించదు, అది వాతావరణ వార్తలాగా అయిపోయింది. పదిహేను రూబుళ్ల దగ్గర మాత్రం మనిషి మొహం కనబడుతుంది. నీ కథలో అటెండరు యాభై పండింది, తహసీల్దారు లక్షలు పండలేదు, కారణం ఇదే.

ఇదంతా చెప్పేవాడివి, నువ్వు రాసి చూపించు అంటావేమో. కథ మొత్తం రాయను కానీ ఒక మనిషిని నీ ముందు పెడతా. రిటైర్డ్ హెడ్మాస్టరు. సర్వీసంతా స్కూలు సుద్దముక్క ఒకటి ఇంటికి తేలేదని పేరు. తమ్ముడు పోయాడు, మరదలు ఇద్దరు పిల్లల్ని తీసుకుని పుట్టింటివాళ్ల ఊళ్లో ఉంటోంది. ఊరి చివర ఎకరంన్నర చేను ఇద్దరికీ ఉమ్మడి. కౌలు డబ్బుల్లో సగం సంక్రాంతికి మాస్టారు లెక్కగట్టి పంపిస్తారు, పైసా తేడా ఉండదు. ఇంతలో చేను పక్కనుంచి బైపాస్ వెళ్తుందని మాట పుట్టింది. మాస్టారు ఏం చేస్తారు? దొంగ సంతకాలు పెడతారా? ఛీ. ముందు బాధపడతారు. పాపం ఆ పిల్లకి లోకం తెలీదు, రేపు బ్రోకర్లు తగులుకుంటారు, ఎవడో ఒకడు మాయమాటలు చెప్పి చవగ్గా రాయించుకుపోతాడు, తమ్ముడి ఆత్మ ఘోషిస్తుంది. రాత్రి అన్నాల దగ్గర భార్యతో ఈ బాధే చెప్పుకుంటారు. ఆవిడ మజ్జిగ పోస్తూ "మీ పేరు మీదుంటే ఏ గొడవా లేదు కదండీ" అంటుంది. మాస్టారు కసురుకుంటారు. మర్నాడు డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్తారు, ఊరికే కనుక్కుందామని.

నెల తిరక్కుండా మరదలికి ఫోను. "పాసుపుస్తకాల్లో ఏవో తప్పులు దొర్లాయమ్మా, సరిచేయించాలి, నీ సంతకం ఒకటి కావాలి, బస్సు ఛార్జీలు నేనిస్తాను." ఆవిడ వచ్చి రిజిస్ట్రారు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుంది. మాస్టారు కాగితాలు ఆవిడ చేతికిచ్చి "చదువుకోమ్మా, గుడ్డిగా సంతకం పెట్టకూడదు" అన్నారు. ఆవిడ "మీరుండగా నేను చదవడమేంటి బావగారూ" అంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. చదవమన్నాను కదా! ఇక ఆ ఒక్క మాట తలకింద పెట్టుకుని చనిపోయేదాకా నిద్రపోతారాయన. సాయంత్రం ఆవిడకి చీర కొనిపెట్టి బస్సెక్కించారు. ఆ చీర ఖరీదు, బస్సు ఛార్జీలు వచ్చే సంక్రాంతి కౌలులో ఆవిడ వాటా నుంచి మినహాయించుకున్నారు, లెక్కంటే లెక్కే కాబట్టి. ఇక్కడ 'దురాశ' అనే మాట నాకు ఎక్కడా అవసరం పడలేదు. ఆ చదువుకోమ్మా అన్న మాట ఆయన నోట రాకపోతే ఆయన మామూలు దొంగ, నాకు పనికిరాడు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. ఆశని వెక్కిరించడం సులువు కాబట్టి, అందరికంటే సులువుగా దొరికేవాళ్లని వెక్కిరించడం మొదలవుతుంది. ఓటుకు డబ్బు అందలేదని గొడవ చేసినవాళ్ల మీద, రేషన్ క్యూలో తోసుకున్నవాళ్ల మీద, ఉచితాల మీద నీ ఫేసుబుక్ పోస్టులు చూశాను, లైకులు బాగానే పడ్డాయి. అవి నాకు నచ్చలేదు. విశాఖలో ప్లీడరుగా పనిచేసిన రావిశాస్త్రి గారి 'ఆరు సారా కథలు' చదువు. మద్యనిషేధం నాటి కథలు. చట్టప్రకారం తప్పు చేసింది సారా అమ్ముకునే ఆడమనిషి. 'మాయ' కథలో ముత్యాలమ్మ కుర్ర ప్లీడరుకు తన సంగతి చెప్పుకుంటూ పోతుంటే, ఆ అమ్మే సీసా చుట్టూ ఎంతమంది బతుకుతున్నారో బయటపడుతుంది, పోలీసు, కోర్టు, ప్లీడరు, అందరికీ అందులో వాటా ఉంది, కేసు మాత్రం ఆవిడ మీద. నవ్వు ఎటు పోవాలో ఆయనకు ఎప్పుడూ తెలుసు. నీ కథలో ఎవరిని చూసి నవ్విస్తున్నావో ఓసారి చూసుకో. ఆ మనిషికి ఆశపడకుండా ఉండే స్తోమత ఉందా అని అడుగు. హెడ్మాస్టరుకు ఉంది, పెన్షన్ వస్తోంది. రెండు వేలకు ఓటు వేసినావిడకి ఉందో లేదో నాకైతే అనుమానమే. ఆ రెండు వేలు పంచే బాధ్యత తీసుకుని అందులో అయిదు వందలు నొక్కేసి, "పార్టీకి ద్రోహం చెయ్యలేదు, మనిషికి పదిహేను వందలు ఇచ్చాను కదా" అనుకునే కాలనీ పెద్ద ఉంటాడు చూడు, వాణ్ణి పట్టుకో.

ముగింపు గురించి. ఏసీబీని తీసెయ్. వాళ్ల మీద నాకేం కోపం లేదు, కానీ రెయిడుతో కథ ముగిస్తే పట్టుబడినవాడు ఒక్కడే జైలుకెళ్తాడు, మిగతావాళ్లం అందరం ఇంటికెళ్తాం. హాడ్లీబర్గ్‌లో ఊరి సభలో చీటీలు ఒక్కోటి విప్పుతుంటే, అందరివీ ఒకే మాట అని తెలిసి, జనం పగలబడి ఆ మాటని కోరస్‌గా పాడతారు, పెద్దమనుషుల పరువు ఆ హాల్లోనే పోతుంది. ఆ పాడేవాళ్లకి ఉత్తరం రాలేదు, అందుకని పాడుతున్నారు, అంతే తేడా. అక్కడిదాకా కథ అద్భుతం. తర్వాత రిచర్డ్స్ దంపతులు ఎవరికీ దొరక్కుండా బయటపడి, డబ్బు చేతికొచ్చి, భయంతో తీసుకుని తీసుకుని చచ్చిపోయే ఘట్టం ఉంది చూడు, పెద్దాయనే అయినా చెప్పాలి, అక్కడ ట్వేన్ చెయ్యి కాస్త బరువుగా పడిందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. భయపడి చచ్చేవాళ్ల కంటే హాయిగా బతికేవాళ్లే ఎక్కువ మన చుట్టూ. నా హెడ్మాస్టరుకైతే బైపాస్ వచ్చాక ఊళ్లో సన్మానం చేయిస్తా, గురుపూజోత్సవం రోజున, శాలువా కప్పడానికి మరదలి కొడుకునే పిలుస్తా.

కాబట్టి తిరగరాయి. తహసీల్దారుని లోపలి గదిలోనే ఉంచు, కథ అయ్యేదాకా బయటికి రాకపోయినా నష్టం లేదు, ఉంగరాలు కావాలంటే ఆయన దగ్గరే ఉంచుకోనీ. అటెండరు వెనక ఇంటిదాకా వెళ్లు, ఆ యాభై ఏమైందో చూడు, వాడి పెళ్లాం దాన్ని ఏమంటుందో విను. రైతుని కూడా ఊరికే వదలకు. పంచె, కండువా, కళ్లల్లో నీళ్లు పెట్టి ఆయన్ని దేవుణ్ణి చేసేశావు, కానీ ఆయన తన పేరుకు మార్పించుకుంటున్న ఆ అరెకరం తండ్రిదని నువ్వే రాశావు. తండ్రికి ఆడపిల్లలు లేరా? ఉంటే వాళ్లేరీ? ఆ సంగతి నువ్వు ఆలోచించలేదని నాకు తెలుస్తూనే ఉంది. ఆలోచించు, నీ కథ నీకు తెలియకుండానే అక్కడ దాక్కుని ఉండొచ్చు.

రాయడానికి తొందరేం లేదు, దసరా సంచిక కోసం కక్కుర్తి పడకు. ఈసారి మాత్రం పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలే పంపు, అక్షరాలు కాస్త పెద్దవి చేసి. ఫోనులో జూమ్ చేసుకుంటూ చదివేసరికి ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో మర్చిపోతున్నా.

ఉంటాను,
మాస్టారు